రంగం టేకు స్తంభాల నడుమ మూడు రాత్రులు

మా అత్తయ్యగారు కోనసీమలో ఒక మండువా లోగిలిలో పుట్టారు. ఆ ఇల్లు ఇప్పుడు లేదు. వాటాలు తేలాక స్తంభాలు, దూలాలు, ద్వారబంధాలు విప్పి కలప లెక్కన అమ్మేశారు. ఆ కలప ఎక్కిన లారీ వీధి మలుపు తిరగడం ఆవిడ అరుగు మీద నిలబడి చూశారు. అందుకే తమిళనాడులోని చెట్టినాడులో అలాంటి పాత ఇళ్ళను కూల్చకుండా అతిథి గృహాలుగా మార్చి బస ఇస్తున్నారని తెలిసినప్పుడు, రామేశ్వరం ప్రయాణానికి మూడు రాత్రులు కలపాలని నేను పట్టుబట్టాను. ఆవిడకు డెబ్భై నాలుగేళ్ళు, మోకాళ్ళ నొప్పులు. ఖర్చూ తక్కువేమీ కాదు. అయినా అక్టోబరు చివరి వారంలో ఆవిడ, మా వారు, నేను బయలుదేరాం. మొదటి రెండు రాత్రులు ఒక పెద్ద విలాసవంతమైన బసలో, మూడో రాత్రి ఒక కుటుంబం తమ సొంత ఇంట్లో నడుపుతున్న చిన్న బసలో ఉన్నాం. రెండింటి గురించీ కొన్ని లోపాలు చెప్పాల్సి ఉంది కనుక వాటి పేర్లు రాయడం లేదు.

చెన్నై ఎగ్మూరులో మధ్యాహ్నం పల్లవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తిరుచ్చి, పుదుక్కోట దాటుకుంటూ రాత్రికి చెట్టినాడులోని కారైకుడి పట్టణానికి చేరుస్తుంది. విమానంలో వచ్చేవారికి తిరుచ్చి, మదురై రెండూ రోడ్డు మీద సుమారు రెండు గంటల దూరంలో ఉన్నాయి. పెద్దవారిని వెంటబెట్టుకుని వెళ్ళేవారికి రైలే సుఖం. కాకపోతే కారైకుడిలో దిగేసరికి బాగా పొద్దుపోతుంది కాబట్టి కారు ముందే చెప్పి ఉంచుకోవాలి. మా కోసం వచ్చిన కారు పదిహేను కిలోమీటర్లు చీకట్లో నడిచి ఒక పొడవాటి గోడ పక్కన ఆగింది. వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా అదే గోడ. అంతా ఒకటే ఇల్లని మర్నాడు పొద్దున గానీ మాకు అర్థం కాలేదు.

పొద్దున్నే ఊరు చూడటానికి నడిచాం. గీత గీసినట్టున్న వీధులు. ఇంటి ముందరి భాగం ఒక వీధిలో ఉంటే పెరటి తలుపు అవతలి వీధిలో తెరుచుకుంటుంది. పై కప్పు అంచున సున్నంతో చేసిన గజలక్ష్మి, ఆమెకు అటూ ఇటూ దేవతలు, వారి పక్కనే తుపాకీ పట్టుకున్న తెల్ల సిపాయిలు. పది ఇళ్ళకు ఏడెనిమిది ఇళ్ళు తాళం వేసి ఉన్నాయి. అరుగుల మీద మేకలు నెమరు వేస్తున్నాయి. శివగంగ, పుదుక్కోట జిల్లాల్లో పరుచుకున్న ఈ ప్రాంతంలో ఇప్పుడు 73 పల్లెలు, రెండు పట్టణాలు చెట్టినాడు కింద లెక్కకు వస్తాయి. ఇక్కడి నాట్టుకోట్టై చెట్టియార్లను నగరత్తార్లు అని కూడా అంటారు. వారిలో తొమ్మిది గుడుల వంశాలున్నాయి. మన గోత్రాల్లాగానే సాధారణంగా ఒకే గుడి వారు తమలో తాము సంబంధం కలుపుకోరు. పిళ్ళయార్‌పట్టి వినాయకుడి గుడి ఆ తొమ్మిదింటిలో ఒకటి. కొండను తొలిచి మలిచిన ఆ విగ్రహానికి రెండు చేతులే ఉంటాయి. కారైకుడికి దగ్గరే కనుక దర్శనం చేసుకోకుండా రావద్దు.

తమ పూర్వీకులు సముద్రపు ఒడ్డున కావేరిపూంపట్టినంలో ఉండేవారని, కడలి పొంగితే లోపలికి తరలివచ్చారని వీరి పెద్దలు చెబుతారు. ఇళ్ళను ఇంత ఎత్తు పునాది మీద కట్టడానికి ఆ భయమే కారణమట. కారణం ఏదైనా, మోకాళ్ళ నొప్పులున్నవారు తెలుసుకోవలసిన విషయం ఇది. గుమ్మం చేరడానికి మెట్లెక్కాలి, ప్రతి గడపా దాటాలి, లోపలి గదుల తలుపుల దగ్గర తల వంచాలి. మేము గది అడిగేటప్పుడే కింది అంతస్తులో, స్నానాల గదికి మెట్టు లేనిది కావాలని చెప్పాం. మెట్టు లేదనే జవాబిచ్చారు. వెళ్ళి చూస్తే జానెడు ఎత్తు మెట్టు ఉంది. ఫొటో పంపమని అడగనందుకు ఇప్పటికీ బాధగా ఉంది. మీరు తప్పకుండా అడగండి.

ఇంటి అమరిక మాత్రం అత్తయ్యగారికి ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. వీధి వైపు ముగప్పు, అంటే ఇంటి ముందరి భాగం, దానికి రెండు పక్కలా తిణ్ణై. పేరు విన్న వెంటనే ఆవిడ, "తిన్నె! మన అరుగే కదమ్మా" అన్నారు. లెక్కలు, వడ్డీ వ్యాపారం, మగవారి రాకపోకలు అన్నీ అక్కడ జరిగేవి. చెక్కడాలు నిండిన పెద్ద తలుపు దాటితే వళవు, అంటే నడిమి ముంగిలి, చుట్టూ స్తంభాల వసారా. వసారా వెంబడి వరుసగా గదులు, పెళ్ళయిన ఒక్కో కొడుక్కి ఒక్కో గది. ఆ గది కాపురానికీ సామాను భద్రపరచడానికీ ఉద్దేశించినదే. పగలంతా అందరూ వసారాలోనే గడిపేవారు. దాని వెనుక ఇరండాం కట్టు, అంటే భోజనాల ముంగిలి. ఆ వెనుక మూడో కట్టులో వంట, రోళ్ళు, బావి. ముందు తలుపు దగ్గర నిలబడితే అన్ని ద్వారాలూ ఒకే వరుసలో కలిసి, ఎక్కడో చివర పెరటి వెలుగు చిన్న చతురస్రంగా కనిపిస్తుంది. మా మండువా కంటే ఇది నాలుగింతలు పెద్దదే గానీ లెక్క అదేనని అత్తయ్యగారు తేల్చారు. నాలుగు వాలుల వాన మధ్యలో పడాలి, గాలి పైకి పోవాలి, మనుషులు చుట్టూ కూర్చోవాలి.

మొదటి బసలో పన్నెండు గదులున్నాయి. రాత్రికి పదకొండు వేలు, పొద్దుటి ఫలహారం అందులోనే. రోజుకు గది అద్దె 7,500 దాటితే జీఎస్టీ 18 శాతం పడుతుంది. కాబట్టి చెప్పిన ధరకు ఆ మొత్తం కలుపుకుని లెక్కేసుకోవాలి. పరుపు, దుప్పట్లు, శుభ్రత, వేడినీళ్ళు, ఇవన్నీ ఆ డబ్బుకు తగినట్టే ఉన్నాయి. పనివారి మర్యాద అంతకంటే బాగుంది. అత్తయ్యగారు మెట్టు ఎక్కబోయిన ప్రతిసారీ ఎక్కడి నుంచో ఒక చెయ్యి వచ్చేది. రెండో రోజు ఆవిడకు మోకాలు వాస్తే అడగకముందే ఆముదం వెచ్చచేసి తెచ్చారు. ఈ సంగతి ముందే చెప్పకుండా తరవాతి మాటలు రాస్తే అన్యాయమవుతుంది.

నాకు నచ్చనిది ఆ ఇంటిని వారు మార్చిన తీరు. వళవు మీద పారదర్శకమైన రేకు కప్పేశారు. వాన పడదు, ఆకు రాలదు, పావురాలు రావు. నిర్వహణకు అది సులువే, నేను ఒప్పుకుంటాను. కానీ ఆ కప్పుతో గాలి పైకి పోయే దారి మూసుకుపోయి, మధ్యాహ్నానికి వసారా ఉక్కపోత. దానికి విరుగుడుగా పెద్ద యంత్రాలు పెట్టారు, వాటి రొద ఒకటి. వళవులో భోజనాల బల్లలు వేశారు. పొద్దుటి నుంచి రాత్రి దాకా పళ్ళేల చప్పుడు, రికార్డు సంగీతం. మా గదికి ఆనుకుని ఉన్న సామాన్ల కొట్టును కోసి స్నానాల గది చేశారు. దానికి కిటికీ లేదు. ఏసీ గొట్టం కోసం నూరేళ్ళ నాటి రంగుటద్దాల వెంటిలేటర్లో ఒక పలకను తీసేశారు. మిగిలిన మూడు పలకలూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగును నేల మీద పరుస్తున్నాయి. ఖాళీ అయిన ఆ నాలుగో చోటు నుంచి తెల్లని ప్లాస్టిక్ గొట్టం వేలాడుతోంది. ఆ గదిలో పడుకున్న రెండు రాత్రులూ నాకు ఆ గొట్టమే కనిపించింది.

సాయంత్రం ఐదింటికి ఇంటిని చూపించే కార్యక్రమం ఉంటుంది. ఒక కుర్రవాడు వెంట నడుస్తూ చూపించాడు. టేకు బర్మాది, చలువరాయి ఇటలీది, అద్దాలు బెల్జియంవి, ఇనుప స్తంభాలు బర్మింగ్‌హామ్‌వి, గోడ పలకలు జపానువి. గోడ నునుపుకు కారణం కూడా చెప్పాడు. మెత్తగా నూరిన సున్నాన్ని పొరలు పొరలుగా వేసి, బెల్లం, కరక్కాయ నీళ్ళు కలిపి, ఆఖరి పూతలో కోడిగుడ్డు తెల్లసొన పట్టించారట. చెయ్యి పెడితే నిజంగానే పాలరాయిలా చల్లగా తగిలింది. అన్నీ నిజాలే. అయితే అంత డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందని మా వారు అడిగితే, "బర్మా వ్యాపారం సార్" అని ఒక్క మాటతో ముగించి తరవాతి గదిలోకి నడిచాడు. ఆ కుర్రవాడి తప్పు కాదు. అతనికి నేర్పిన పాఠం అంతవరకే.

ఆ ఒక్క మాట వెనుక ఉన్నదే ఈ ఇళ్ళ అసలు చరిత్ర. 1852లో దిగువ బర్మా ఇంగ్లీషువారి చేతికి చిక్కింది. 1869లో సూయజ్ కాలువ తెరుచుకుంది. ఐరావతి డెల్టాలో పండే వడ్లకు ప్రపంచమంతా గిరాకీ వచ్చింది. అడవి కొట్టి పొలం చేసుకోవడానికి బర్మా రైతుకు పెట్టుబడి కావాలి. ఇంగ్లీషు బ్యాంకులు ఆ చిన్న రైతు ముఖం చూడలేదు. చెట్టియార్లు అప్పిచ్చారు. ఊరూరా కొట్లు తెరిచి, తమ కుర్రవాళ్ళను మూడేళ్ళకోసారి మార్చుకుంటూ, రంగూన్ నుంచి కౌలాలంపూర్ దాకా, ఇటు సింహళం దాకా నమ్మకం మీద హుండీలు, అంటే డబ్బు చెల్లింపు పత్రాలు, నడిపారు. ఆ వడ్డీ డబ్బుతోనే 19వ శతాబ్దం రెండో సగం నుంచి 1940ల దాకా ఈ ఇళ్ళు లేచాయి. 1929 తరవాత ఆర్థిక మాంద్యం వచ్చి ధాన్యం ధర కూలింది. రైతులు అప్పు తీర్చలేక పొలాలు వదిలేశారు. 1930లో దిగువ బర్మాలో వరి పండే ముఖ్య జిల్లాల్లో చెట్టియార్ల చేతిలో ఉన్న భూమి సుమారు 6 శాతం. ఆ దశాబ్దం చివరికి అది దాదాపు నాలుగో వంతు అయింది. అడిగినది డబ్బు, చేతికొచ్చినది బురద నేల. పొలం పోగొట్టుకున్న రైతుకు అది తీరని కడుపుమంట. 1942 మార్చిలో రంగూన్ జపాను సేనల వశమైంది. వేలాదిమంది కాలినడకన అడవుల గుండా ఇండియాకు తిరిగి వచ్చారు. దారిలో చనిపోయినవారికి లెక్కలేదు. 1948లో బర్మాకు స్వాతంత్ర్యం వచ్చింది. అదే ఏడాది చేసిన భూజాతీయీకరణ చట్టంతో ఆ పొలాల మీద ఆశ కూడా పోయింది. ఈ వీధుల్లోని తాళాలు అప్పటి నుంచి పడుతూ వచ్చాయి.

ఇది చెబుతుంటే అత్తయ్యగారు ఒక మాట అన్నారు. మా ప్రయాణంలో నాకు అన్నింటికంటే విలువైనది ఆ మాటే. "మా వీధిలో ఇద్దరు రంగం వెళ్ళినవాళ్ళుండేవారు. రేవులో బస్తాలు మోసేవారట. ఒకాయన నడిచి వచ్చాడు, ఒకాయన రాలేదు." కోస్తా పల్లెల్లో రంగూన్ పేరు రంగం. కాకినాడ, విశాఖపట్నం, కళింగపట్నం రేవుల నుంచి ఓడెక్కిన మన కూలీలను అక్కడ కోరంగీలు అనేవారు. కోరంగి రేవు పేరు మనవాళ్ళకు జాతి పేరైపోయింది. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీల మీద జరిగిన దాడుల్లో ఎంతోమంది చనిపోయారు. మా ముందున్న నున్నని టేకు స్తంభాలు ఓడకెక్కడానికి ఎవరి భుజం ఆనిందో ఎవరూ రాసిపెట్టలేదు. ఆవిడ చాలాసేపు ఒక స్తంభానికి వీపు ఆనించి కూర్చున్నారు. చెట్టినాడు బస నడిపేవారు తమ అతిథులకు ఈ కథ మొత్తం చెప్పాలని నా కోరిక. ఇల్లు చిన్నబోదు. రెండు తరాల చెమట, వడ్డీ, వలస కలిసి నిలబెట్టిన గోడ అని తెలిస్తే దాని మీద చెయ్యి పెట్టేటప్పుడు మనిషి ఇంకొంచెం జాగ్రత్తగా పెడతాడు.

పగటిపూట మిగిలిన ఇళ్ళు చూశాం. కానాడుకాత్తాన్‌లో రాజా వారి చెట్టినాడు భవనం 1912 నాటిది. అన్నామలై విశ్వవిద్యాలయం స్థాపించిన కుటుంబం వారిది. వీధి నుంచి చూసినా ఆ ముఖద్వారం గంభీరంగా ఉంటుంది. అదే ఊళ్ళో విశాలం అనే ఇల్లు ఉంది. కొడుకుల కోసం ఇళ్ళు కట్టే ఆ సమాజంలో ఒక తండ్రి తన కుమార్తె విశాలాక్షి కోసం కట్టించినది. మిగతావాటి కంటే కొత్త కాలపు ఫ్యాషను, మేడ అంచులు గుండ్రంగా ఓడ ముందరి కొసలా ఉంటాయి. ఇప్పుడది పేరున్న విలాస బస. కోత్తమంగళంలోని శారదా విలాస్‌ను ఇద్దరు ఫ్రెంచి వాస్తుశిల్పులు బాగుచేయించి బసగా మార్చారు. చెట్టినాడు ఇళ్ళను కాపాడాలన్న ఉద్యమంలో కూడా వారి కృషి ఉంది. తిరుమయం కోట దగ్గర కడియాపట్టిలో చిదంబర విలాస్ ఉంది. కారైకుడిలోని బంగళా ఒకప్పుడు ఒక చెట్టియార్ కుటుంబం క్లబ్బుగా వాడుకున్న భవనం. 1999 నుంచి అతిథులకు బస ఇస్తూ అరిటాకు భోజనానికి పేరు తెచ్చుకుంది. ఆ పేర్లలో ఏది మీకు కుదిరినా, ఒక రాత్రికి బదులు రెండు రాత్రులు ఉండండి. మొదటి రోజు కన్ను అలంకారాల మీదే ఉంటుంది. ఇల్లు కనిపించేది రెండో రోజు నుంచే. బస చేసే వీలులేనివారు ఆత్తంగుడిలోని పెద్దిల్లు టిక్కెట్టు కొనుక్కుని చూడవచ్చు. కారైకుడిలో వెయ్యి కిటికీల ఇల్లని ఒకటి చూపిస్తారు, దాన్ని మేము బయటి నుంచే చూశాం.

ఆత్తంగుడి వెళ్ళడానికి ఇంకో కారణం అక్కడి పలకలు. నేల మీద పరిచే ఈ రంగు పలకలకు కొలిమి లేదు, కాల్చడం లేదు. ఒక గాజు పలక మీద ఇనుప అచ్చు పెట్టి, అరల్లో రంగు కలిపిన సిమెంటు ద్రవం పోస్తారు. అచ్చు మెల్లగా ఎత్తేస్తే రంగులు ఒకదానిలో ఒకటి కలవకుండా నిలుస్తాయి. దాని మీద పొడి ఇసుక, సిమెంటు చల్లి, తడి గచ్చు నింపి చదును చేస్తారు. తరవాత నీళ్ళలో నానబెడతారు. ఆరాక గాజు దానంతటది విడిపోతుంది. గాజు నునుపు పలకకు అంటుకుని ఉంటుంది. ఇక దాన్ని మెరిపించేది మనుషుల పాదాలు, అప్పుడప్పుడూ కొబ్బరినూనె. పని చేస్తున్న పెద్దాయన అచ్చు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టడం చూశాను, మేమూ బిగబట్టాం. వాడకం లేని నేల మసకబారుతుందని ఆయన చెప్పాడు. తాళం వేసిన ఇళ్ళకు ఏమవుతుందో ఆ మాటలోనే తెలిసింది.

కారైకుడిలో మునీశ్వరన్ కోయిల్ వీధి గురించి రాయడం నాకు కష్టంగా ఉంది. పాత సామాన్లు అమ్మే దుకాణాల వరుస అది. ఎనామెల్ డబ్బాలు, బర్మా లక్క పెట్టెలు, రవివర్మ బొమ్మల అచ్చులు, ఇత్తడి దీపాలు, ఊయల గొలుసులు. వాటి వెనుక స్తంభాలు నిలువునా వరుసగా, తలుపులు ఒకదానికొకటి ఆనించి. ఒక్కో తలుపు ఒక్కో ఇంటిది. ఒక ఇంటికి ముప్పై, నలభై మంది వారసులు. ఒకరు సింగపూర్, ఒకరు అమెరికా, ఒకరు చెన్నై. బాగు చేయించడానికి అందరూ ఒప్పుకోవాలి, ఖర్చు అందరూ పెట్టాలి. కలప అమ్మితే మాత్రం వెంటనే వాటా చేతికొస్తుంది. మేము చిన్న ఇత్తడి చెంబు కూడా కొనలేదు. దుకాణదారు మంచివాడే, టీ తెప్పించాడు. అత్తయ్యగారు ఒక ద్వారబంధం మీద చెయ్యి వేసి, దాని పసుపు మరకలను వేలితో తడిమి, "పండగ పూట ఎవరో రాశారమ్మా ఇది" అన్నారు. యునెస్కో ఈ పల్లెలను 2014లో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలో చేర్చింది. ఆ జాబితా ఆ వీధిలోకి వచ్చే లారీలను ఆపలేదు. ఆ ఇంటి తలుపులు అక్కడే నిలిపి ఉంచే దారులు నాకు రెండే కనిపించాయి, వారసులందరూ ఒప్పందానికి రావడం, ఇల్లు తన ఖర్చు తాను సంపాదించుకోవడం. అందుకే లోపాలెన్ని ఉన్నా అతిథి గృహాలంటే నాకు గౌరవం. మొదటి బసలోని ప్లాస్టిక్ గొట్టాన్ని రేపు తీసేయవచ్చు. లారీ ఎక్కిన స్తంభం తిరిగి రాదు.

మూడో రోజు చిన్న ఇంటికి మారాం. ఐదు గదులే. మనిషి లెక్కన కాక గది లెక్కన ఐదు వేల ఐదు వందలు, పొద్దుటి ఫలహారం, రాత్రి భోజనం కలిపి. ఇంటి పెద్దావిడను అందరూ ఆచ్చి అంటారు. నగరత్తార్ల ఇళ్ళలో పెద్ద స్త్రీకి అది గౌరవ పిలుపు. ఆవిడ, అత్తయ్యగారు ఇంచుమించు ఒకే వయసువారు. ఒకరి భాష ఒకరికి రాదు. నాకు చెన్నైలో పనిచేసిన రోజుల తమిళం కొంత ఉంది కానీ అరగంటలో వారికి నా అవసరం తీరిపోయింది. ఇద్దరూ మూడో కట్టులో రోలు పక్కన కూర్చున్నారు.

ఈ ఇంట్లో సౌకర్యాలు మొదటిదాని ముందు నిలవవు. వేడినీళ్ళు బకెట్లో తెచ్చి ఇస్తారు. ఫోను సిగ్నల్ ముగప్పులో మాత్రమే అందుతుంది. మా గది తలుపుకు పాత గడియ, లోపల నుంచి వేస్తే తీయడానికి బలం కావాలి. ఆ గడియ వల్ల అర్ధరాత్రి అత్తయ్యగారు ఇబ్బంది పడ్డారు, పెద్దవారు ఉన్న గదికి అలాంటిది తీసి మార్చాల్సిందే. ఉదయం ఎనిమిదిన్నర దాకా కాఫీ రాలేదు. వంట చేసేది ఒక్క మనిషి. ఇవి చిన్న విషయాలని నేను అనను. పిల్లలతో, అనారోగ్యంతో వెళ్ళేవారికి ఇవే పెద్ద విషయాలు. వారు మొదటి తరహా బసకే వెళ్ళాలి.

కానీ ఇంటిని అర్థం చేసుకోవాలనుకునేవారికి ఇదే తగిన చోటు. వసారా చుట్టూ పదకొండు గదుల్లో ఆరు తాళం వేసి ఉన్నాయి. అవి దాయాదులవి. పెళ్ళయిన ప్రతి మగవాణ్ణీ వీరు ఒక పుళ్ళిగా లెక్కిస్తారు, గుడి పుస్తకంలో ఆ లెక్కే ఎక్కుతుంది. ఎవరి గది వారిది, తాళంచెవి ఏ దేశంలో ఉన్నా సరే. ఇంట్లో పెళ్ళి, షష్టిపూర్తి, పూజ వచ్చినప్పుడు అందరూ దిగుతారు. ఆ రోజుల్లో బస మూసేస్తారు. వచ్చే తై నెలలో, అంటే సంక్రాంతితో మొదలయ్యే తమిళ నెలలో, అలాంటి ఒక వేడుక ఉందని, ఆ వారం అడిగినవారందరికీ కాదని చెప్పామని ఆచ్చి అన్నారు. మొదటి బసలో వళవు భోజనశాల అయింది. ఇక్కడ అది ఇంకా వళవే. మధ్యలో ఏమీ లేదు. ఆచ్చి తనే ఇల్లంతా చూపించారు. చలువరాళ్ళ పేర్లు చెప్పలేదు. మామగారు కొలువు చేసిన బర్మా ఊరి పేరు, నడిచి వచ్చిన రోజుల సంఖ్య, తిరిగి వచ్చాక రెండేళ్ళు ఆయన ముగప్పు దాటి బయటకు రాలేదన్న సంగతి చెప్పారు.

భోజనం గురించి రాయకపోతే ఈ యాత్ర పూర్తి కాదు. చెట్టినాడు అనగానే మన హోటళ్ళలో కారం గుమ్మరించిన కోడికూర వడ్డిస్తారు. అసలు చెట్టినాడు వంటలో కారం కంటే వాసన ముందు వస్తుంది. రాతిపువ్వు, మరాఠీ మొగ్గ, అనాసపువ్వు, సోంపు, మిరియాలు, అప్పటికప్పుడు వేయించి నూరినవి. మేము శాకాహారులం. మాకు బియ్యం కడుగు నీళ్ళతో పులుసులా చేసే మండి, అరటిపువ్వు వడలు, వంకాయ, మామిడికాయ ముక్కల కూర పెట్టారు. పొద్దున గుంట పొంగణాలు, పక్కనే తెల్లని వెళ్ళై పణియారం, అంచు పువ్వులా విచ్చుకుని. తీపి మాత్రం కవుని అరిసి. నల్లని జిగురు బియ్యం, కొబ్బరి, పంచదార. ఆ బియ్యం బర్మా నుంచి వచ్చిందని అందరూ చెబుతారు. స్తంభాలు వచ్చిన దారినే గింజ కూడా వచ్చింది. స్తంభాలు లారీ ఎక్కుతున్నాయి గానీ ఆ తీపి మాత్రం పెళ్ళి విస్తరిలో ఇంకా ఉంది. మొదటి బసలో ఇదే పదార్థం గాజు గిన్నెలో ఐస్‌క్రీముతో వచ్చింది. ఆచ్చి ఇంట్లో వేడిగా, కంచు గిన్నెలో వచ్చింది. ఇది తిని అది మరిచిపోయాను.

వెళ్ళాలనుకునేవారికి మరికొన్ని మాటలు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎండ తక్కువ. మేము వెళ్ళిన అక్టోబరు చివర ఈశాన్య రుతుపవనాల కాలం, వాన ఖాయం, కానీ ఊరణులు, అంటే ఊరి చెరువులు, నిండుగా ఉంటాయి. మేడ మీద పడిన వాన వళవులో దిగి, అక్కడి నుంచి కాలువల్లో ఈ ఊరణులకు చేరేలా ఊళ్ళను వాలు చూసి కట్టారు. నూనె రాసిన పలకల మీద తడికాళ్ళతో నడవవద్దు. ఒక రోజుకు కారు మాట్లాడుకుంటే ఆత్తంగుడి, తిరుమయం, పిళ్ళయార్‌పట్టి మూడూ కుదురుతాయి. 1687లో రామనాథపురం సేతుపతి కట్టించిన తిరుమయం కోటకు మెట్లున్నాయి, అత్తయ్యగారు కిందనే ఉన్న గుడిలో కూర్చున్నారు. బస ఎంచుకునేటప్పుడు రెండు ప్రశ్నలు అడగండి. వళవు మీద కప్పు వేశారా, ఇల్లు చూపించేది ఎవరు. ఆ రెండు జవాబులతో మిగతా చాలావరకు తెలిసిపోతుంది.

మూడో రోజు సాయంత్రం నాలుగింటికి మబ్బు కమ్మింది. నేను గదిలో సామాను సర్దుతున్నాను. వాన మొదలైన చప్పుడు కప్పు మీద కాక ఇంటి నడుమ వినిపించింది. బయటికి వచ్చేసరికి నాలుగు వాలుల నుంచి నీళ్ళు తెరల్లా వళవులోకి జారుతున్నాయి, నాలుగు మూలల తూముల నుంచి లావుగా ధారలు. పనమ్మాయి పరుగున కుర్చీలు లోపలికి లాగుతోంది. ఆచ్చి వంటింటి వైపు నుంచి ఒక పెద్ద ఇత్తడి అండా దొర్లించుకుంటూ వచ్చి ఈశాన్యపు మూల ధార కింద పెట్టబోయారు. "ఆగండి, మొదటి నీళ్ళు పోనివ్వాలి" అని అత్తయ్యగారు తెలుగులోనే అన్నారు. ఆచ్చి ఆగారు. ఇద్దరూ పక్కపక్కన నిలబడి, మేడ మీది దుమ్ము కడుక్కుని నీళ్ళు తేటపడే దాకా చూశారు. ఇక చాలని అత్తయ్యగారు తల ఊపితే ఇద్దరూ చెరో అంచు పట్టుకుని అండాను ధార కిందికి జరిపారు.